అటు పోయిండు, ఎటు పోయిండో

మా అత్తమ్మ సినిమాలు వింటుంది. నీటికాసులు వచ్చి ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను పోయాక మా దగ్గరికి తార్నాక వచ్చేసింది. చూపు పోయింది గానీ సినిమా పిచ్చి పోలేదు. "కండ్లు పోతే పోయినయ్, చెవులకు ఏమైంది?" అంటుంది. అందుకని కొత్త సినిమా వచ్చినప్పుడల్లా నేను, మా ఆయన ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని హాల్లో కూర్చుంటాం. తెర మీద ఏం జరుగుతోందో నేను ఆమె చెవిలో చెప్పాలి. ఈ ఉద్యోగానికి జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి. ఒకసారి వెనక సీటాయన వంగి, "అమ్మా, జర కామెంట్రీ ఆపుతరా?" అన్నాడు.

"మీరు చూడనీకి వచ్చిండ్రు, మేము విననీకి వచ్చినం. మీ కండ్లు మీకున్నయి గదా, వాటితోని చూసుకోండ్రి" అన్నాను. ఇంటర్వెల్ తర్వాత ఆయన సీటే మార్చుకున్నాడు.

కుటుంబ కథలతో నాకు పని తక్కువ. వాటిలో మనుషులు కడుపులో ఉన్నదంతా నోటితో చెప్పేస్తారు. ప్రేమ పాటలకూ నేను అక్కర్లేదు. "వాన పడ్తున్నది, ఇద్దరు తడుస్తున్నరు, గంతేగా?" అని ఆమే తేల్చేస్తుంది. నా ప్రాణం తీసేవి పారిపోయిన ఖైదీని పోలీసులు తరిమే సినిమాలు. వాటిలో ఎవరూ మాట్లాడరు. ఉరుకుతారు, దూకుతారు, కాలుస్తారు. బూట్ల చప్పుడు, టైర్ల చప్పుడు, ఢాం అని ఒకటి. వెంటనే ఆమె మోచెయ్యి నా పక్కలో గుచ్చుకుంటుంది. "ఏమైంది? ఎవలు పడ్డరు?"

ఆమెకు నచ్చేవి కూడా అవే, చూడండి. పైగా ఎప్పుడూ పారిపోయేవాడి పక్షమే. నేను నల్లకుంటలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. చట్టం, పౌరుడు, బాధ్యత అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచి వచ్చినదాన్ని, పోలీసుల పక్షం కాక ఏ పక్షం ఉంటాను?

"వాడు ముగ్గుర్ని చంపిండు అత్తమ్మా."

"నువ్వు చూసినవా?"

"చూసిన. ఇంటర్వెల్‌కు ముందల చూపెట్టిండు."

"నాకు చూపెట్టలే."



ఇక మా ఆయన. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో స్టోర్స్ సెక్షన్‌లో పనిచేస్తాడు. నత్తి లేదు, బెరుకు లేదు, మాట మాత్రం నిదానం. నల్లకుంటలో బయల్దేరిన మాట విద్యానగర్‌లో ఆగి, చాయ్ తాగి, తార్నాక చేరుతుంది. మేమిద్దరం యూనివర్సిటీలో కలిసి చదువుకున్నాం. పెళ్లి చేసుకుందామా అన్న ముక్క హాస్టల్ దగ్గర మొదలుపెట్టి లైబ్రరీ మెట్ల దాకా లాగాడు. మధ్యలోనే నేను సరే అనేశాను. లేకపోతే పరీక్షలు వచ్చేసేవి.

అయితే అతని చెయ్యికి ఆ నిదానం లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుంది అని అడిగితే నోరు తెరుచుకునే లోపు చెయ్యి షెల్ఫ్ వైపు వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతేనట. కుండ ఎవరు పగలగొట్టారని అడిగితే, నోటితో "నాకు తెల్వదమ్మా" అంటూనే చేత్తో అన్నను చూపించేవాడట. అందుకే అత్తమ్మ ఇప్పటికీ కొడుకును ఏదైనా ముఖ్యమైన మాట అడిగేటప్పుడు ముందు అతని చెయ్యి పట్టుకుంటుంది. "వీని నోరు అవద్ధమాడ్తది గని చెయ్యి ఆడదు" అంటుంది.

ఆ రోజుల్లో తార్నాక చౌరస్తా మూసేసి ఉండేది. ట్రాఫిక్ ఎక్కువైందని అడ్డంగా సిమెంటు దిమ్మెలు పెట్టారు. నడిచేవాడు దిమ్మెల మధ్యలోంచి దాటి లాలాపేట వైపు వెళ్ళిపోవచ్చు. బండి ఉన్నవాడు మాత్రం ఎక్కడికో వెళ్ళి యూటర్న్ తీసుకుని రావాలి. అత్తమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళినప్పుడల్లా ఈ చుట్టు తిరుగుడే. ఆమెకు రోడ్డు కనపడదు గానీ ఒంటికి తెలిసేది. "ఇంక తిరగలేదా?" అనేది. కాసేపటికి ఆటో వంపు తిరగగానే నా మీదికి ఒరిగి, "ఆఁ, ఇప్పుడు తిరిగినం. గీ పాటికి మా ఊరికి పోయొస్తుంటిమి" అనేది.

క్యాంపస్‌లో పొద్దున నడక మా ఇద్దరికీ అలవాటు. చదువుకున్న రోజుల్లో క్లాసులు ఎగ్గొట్టి తిరిగిన దారే, ఇప్పుడు షుగర్ కోసం తిరుగుతున్నాం. ఒకరోజు రాతితో కట్టిన పాత కాలేజీ భవనం ముందు దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పెద్ద వ్యాన్లు, గొడుగులు, చెట్టుకో లైటు. సినిమా షూటింగ్. తాడు దగ్గర వాకీటాకీ పట్టుకుని నలభై దగ్గరపడ్డ మనిషి నిలబడ్డాడు. అసిస్టెంట్ డైరెక్టరట. మాట కృష్ణా, గుంటూరు వైపుది.

"పది నిమిషాలు ఆగండి మేడమ్."

"ఎవర్ని అడిగి కట్టిండ్రు తాడు?"

"పర్మిషన్ ఉందండి."

"ఏది, నా పర్మిషన్ ఉన్నదా? ముప్పై ఏండ్ల సంది నడుస్తున్న గీ తోవల."

"మేడమ్, అసలు మీరెవరండి?"

"నడిచేదాన్ని."

ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక మా ఆయన చేతులు కట్టుకుని, నా గొడవ తనది కానట్టు వేపచెట్టు కొమ్మలు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఆ సార్ ఎవరండి?"

"నా మొగుడు. ఎందుకు?"

"ఆ మొహం కావాలండి మాకు."

నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. విషయం ఏమిటంటే, జైలు వ్యాన్‌లోంచి తప్పించుకున్న ఖైదీ క్యాంపస్‌లోకి దూరతాడు. కాలేజీ స్తంభాల చాటు నుంచి బండల మీదుగా చెట్ల మధ్యకు పారిపోతాడు. వెనకే ఇద్దరు పోలీసు ఆఫీసర్లు వస్తారు. వాకింగ్ చేస్తున్న ఒక పెద్దమనిషిని ఆపి ఎటు పోయాడని అడుగుతారు. ఆయన చెయ్యి చూపించి ఒక్క ముక్క చెప్తాడు. ఆ ముక్క చెప్పాల్సిన నటుడు రాలేదు.

"గంతేనా? నాకియ్యరాదు ఆ డైలాగ్? నేను చెప్త."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి వినయంగా అన్నాడు, "మీరు మొదలుపెడితే మా పోలీసులు ఇక్కడే ఆగిపోతారండి."

జవాబు బాగుంది. నేను తాడు వదిలేశాను.

మా ఆయనను ఆ వేపచెట్టు కింద నిలబెట్టారు. అతనికిచ్చిన కాగితంలో "అటు పోయాడు సార్" అని ఉంది. "మీ భాషలో చెప్పండి సార్" అన్నారు. "అటు పోయిండు సార్" అయింది. ఆఫీసరు వేషంలో ఉన్న హీరో మొహం మీద సీసాతో చెమట చల్లారు. ఆయన ఉరికొచ్చి రొప్పుతూ, "ఎటు పోయాడు?" అన్నాడు. మా ఆయన చెయ్యి టక్కున లేచింది, తార్నాక వైపు. ఆ తర్వాత నోరు బయల్దేరింది. "అ... టు... పో... యిండు..."

"కట్! సార్, పారిపోయింది ఖైదీ అండి, ఆర్టీసీ బస్సు కాదు. కొంచెం తొందరగా" అన్నాడు గొడుగు కింద కూర్చున్న డైరెక్టరు.

మళ్ళీ చెమట చల్లారు. మళ్ళీ ఉరికారు. మళ్ళీ అదే నిదానం. ఈ లోపల నాకు ఇంకో సందేహం వచ్చి అసిస్టెంట్ డైరెక్టర్ని పట్టుకున్నాను. "గా దిక్కు చూపిస్తున్నడు గదా, గాడ చౌరస్తా బందున్నది. వాడు ఉరికి దాటుతడు. పోలీసుల జీపు యూటర్న్‌కు పోవాలె."

"సినిమాలో తెరిచే ఉంటుందండి మేడమ్."

చివరికి ఎలాగో ఒక టేకులో ఆ మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో బయటపడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చాయ్ ఇచ్చారు, దండం పెట్టారు. వెళ్ళబోతుంటే అసిస్టెంట్ డైరెక్టరు, "గొంతు గురించి బెంగ పెట్టుకోకండి సార్, ఇప్పుడు రికార్డయింది తీసేస్తాం. చిన్న వేషాలకి మా డబ్బింగ్ వాళ్ళే చెప్తారు" అన్నాడు.

మా ఆయన ఆగాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నా గొంతు... నేనే చెప్త."

"అక్కర్లేదు సార్, వాళ్ళు..."

"మా అమ్మకు... కండ్లు లేవు. నా గొంతు లేకుంటే... ఆ సినిమాల... నేను లేనట్టే."

ముప్పై ఏళ్లలో అతను ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అప్పుడే. కూరగాయల వాణ్ణి కొత్తిమీర కొసరు అడగనివాడు. ఆ వాకీటాకీ మనిషి అతని మొహం వైపు చూశాడు. తర్వాత, "నేను చూసుకుంటానండి" అన్నాడు. సినిమా వాళ్ళ "చూసుకుంటా"ను నేను నమ్మను. ఫోన్ నంబరు తీసుకునే కదిలాను.

ఇంటికెళ్ళేసరికి అత్తమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఈ వార్త నేనే చెప్పాను. అతను చెప్పేదాకా ఆగితే కూర మాడిపోతుంది.

"నీ కొడుకు సినిమాల మాట్లాడిండు అత్తమ్మా!"

ఆమె మొహం విచ్చుకుంది. "అవ్వల్లా! వీడా? వీడు మాట్లాడిండా? హీరోతోనా? ఏం మాటరా? చెప్పు, జర చెప్పు!" అంటూ చేతులు చాచింది. అతను పక్కన కూర్చుని చెయ్యి అందించాడు. సినిమా కథ నేను చెప్పాను. ఆ ఒక్క ముక్క అతను చెప్పాడు, షూటింగులో కంటే తొందరగా.

"అటు పోయిండు సార్."

ఆమె చెయ్యి వదిలేసింది. ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయలు తడుముకుంది.

"ఎవలకు చెప్పినవ్?"

"పోలీసాయనకు."

"పోలీసోనికి తోవ చెప్పినవా?"

మాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఊళ్ళో ఒక ఇల్లు ఉంది, 'అటువోయినోళ్ళు' అంటారు. ఆ పేరు మా ఆయనకూ తెలుసు గానీ ఎందుకొచ్చిందో తెలియదు. అత్తమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు దొర దగ్గర జీతానికి ఉన్న ఒకతను దెబ్బలు తట్టుకోలేక పారిపోయాడు. దొర మనుషులు పోలీసులను వెంటేసుకుని వచ్చారు. ఇంటింటినీ అడిగారు. ఊరంతా చూడలేదంది. ఆ ఇంటి పెద్దమనిషి ఒక్కడు మాత్రం జొన్న చేను వైపు చెయ్యి చాచి, అటు పోయిండు అన్నాడు. ఆ పారిపోయినవాడు దొరికాడు. మళ్ళీ తన కాళ్ళ మీద నడుస్తూ ఊళ్ళోకి రాలేదు. ఆ ఇంటికి అసలు ఇంటిపేరు ఏమిటో ఇప్పుడు వాళ్ళ మనవళ్ళకు కూడా గుర్తు లేదట. బడిలో పేరు రాసుకునే పంతులు కూడా నవ్వుకుంటూ "అటువోయినోళ్ళ పిల్లగాడా?" అనేవాడట.

"అది యాక్టింగ్ అత్తమ్మా. గాడ దొర లేడు. వాడు హంతకుడు. మంచి పౌరుడంటే..."

"అటువోయినోళ్ళ తాత గూడ ఒట్టిగనే అన్న, గింత అయితదనుకోలే అన్నడట."

"చట్టానికి సాయం చేసుడు పౌరుని బాధ్యత."

"నీ పుస్తకంల రాసుంటది బిడ్డా. మా ఊళ్ళె రాయలే."

తర్వాత కొడుకు వైపు తిరిగి మెల్లగా అంది, "నాకున్నవి చెవులొక్కటే నాయినా. గా చెవులల్ల నీ గొంతుతోని గా మాట పొయ్యకు. గా సినిమాకు నన్ను తీస్కపోకుండ్రి."

ఆమె వినాలనే కదా, ఎన్నడూ ఎవరినీ అడగనివాడు అడిగాడు. ఇప్పుడు ఆమె వినను పొమ్మంది. చిక్కుడుకాయ కూర ఆ పూట ఎవరికీ సహించలేదు.

తర్వాత చాలా రోజులు పొద్దున నడకలో ఆ వేపచెట్టు దగ్గరికి రాగానే అతను మెల్లగా నడిచేవాడు. నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాదు. రోజూ అత్తమ్మతో వాదించాను. సినిమాలో రాజు వేషం వేసినవాడు రాజవుతాడా, శవం వేషం వేసినవాడిని కాల్చేస్తామా అని అడిగాను. "శవం మాట్లాడదు గద" అంది.

డబ్బింగ్‌కు పిలుపు వచ్చింది. నిజంగానే ఆ మనిషి చూసుకున్నాడు. నేను వారం వారం ఫోన్ చేసి గుర్తు చేసిన మాట కూడా నిజమే. తార్నాకలో మెట్రో ఎక్కి యూసుఫ్‌గూడలో దిగి, కృష్ణానగర్ సందుల్లో వెతుక్కుంటూ వెళ్ళాం. చిన్న గది, గోడలకు మెత్తలు, మధ్యలో మైకు. ఎదురుగా తెర మీద మా ఆయన మొహం మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఇంట్లో కుర్చీలో కనిపించే మొహమే, అక్కడ గోడంత పెద్దగా. చెయ్యి లేస్తుంది, పెదాలు కదులుతాయి, అయిపోతుంది. ఆ పెదాల కదలికకు సరిగ్గా మాట పడాలి. నేను అద్దం ఇవతల అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన, సౌండ్ ఇంజనీరు వెనక కూర్చున్నాను.

"అటు పోయిండు సార్."

"లేటు సార్. పెదాలు ముందెళ్ళిపోయాయి."

మళ్ళీ. మళ్ళీ లేటు. తెర మీది మనిషి చెప్పేసి ఊరుకుంటున్నాడు, మైకు ముందరి మనిషి ఇంకా సగంలో ఉంటున్నాడు. అసిస్టెంట్ డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. ఇక వేరేవాళ్ళతో చెప్పిస్తారేమో అనుకున్నాను. అతను మంచినీళ్ళు తాగి, తెర మీద తన నోటిని ఒకసారి ఊరికే చూశాడు. ఇంకోసారి కూడా చెప్పకుండా చూశాడు. మూడోసారి బొమ్మ రాగానే చెప్పాడు. ఎక్కడా ఆగలేదు.

"ఎటు పోయిండో సార్."

"సింక్ ఓకే" అన్నాడు ఇంజనీరు.

"ఏంటి ఓకే? మాట మారిపోయింది! అటు అనమంటే ఎటు అన్నారు!"

వెనక్కి తిప్పి వేశారు. పెదాలకు అతికినట్టు సరిపోయింది. అటుకు ఎటు, పోయిండుకు పోయిండో. రెండు అచ్చులు మారితే చాలు, దారి చెప్పినవాడు దారి తెలియనివాడైపోయాడు. ఇన్ని రోజులూ వేపచెట్టు దగ్గర అతను ఏం ఆలోచిస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది. నాతో ఒక్క ముక్క అనలేదు చూడండి!

"కుదరదండి. చెయ్యి చూపిస్తున్నాడు కదా! నోరు తెలియదంటే, చెయ్యి అటంటే, జనం ఏది నమ్మాలి?" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు.

నేను లేచాను. కాలేజీలో చెప్పే సివిక్స్ అంతా ఆ మెత్తల గది గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విప్పేశాను.

"మీకు తెల్వదు. మా ఊళ్ళల్ల పోలీసు వచ్చి అడిగితే గట్లనే చెప్తరు. నోరు ఊరి దిక్కుంటది, చెయ్యి భయం దిక్కుంటది. రేపు ఎవలన్న అడిగితే, నేను చెప్పలే అని ఒట్టేసుకోవచ్చు గద! మీ ఆఫీసరు తెలివిగల్లోడైతే చెయ్యి చూసి ఉరుకుతడు. నోరు విని ఆగితే వాడేం పోలీసు?"

ఇంజనీరు నవ్వాడు. అసిస్టెంట్ డైరెక్టరు నవ్వలేదు. "నా చేతుల్లో లేదండి" అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. లోపల మా ఆయన మైకు ముందు అలాగే నిలబడ్డాడు, బడిలో బెంచీ ఎక్కించిన పిల్లవాడిలా. ఆయన తిరిగొచ్చి, "డైరెక్టర్ గారు విని నవ్వారండి. ఉంచి చూద్దాం అన్నారు" అన్నాడు.

"ఉంచి చూద్దాం అంటే ఉంచుతరా?"

"ఉంచి... చూస్తారండి."

మెట్రోలో తిరిగొస్తున్నాం. సికింద్రాబాద్ దాటాక అతను అన్నాడు, "నోరు ఒక్కటే... మార్చగలిగిన. చెయ్యి... గట్లనే ఉన్నది."

"అత్తమ్మకు చెయ్యి కనవడదు గద" అన్నాను.

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది కాబోలు. కానీ నిజం.

సినిమా వచ్చింది. అత్తమ్మను కదిలించడం నా వల్ల కాలేదు. అతనే ఆమె పక్కన కూర్చుని, "అమ్మా... ఒక్కపారి... విను" అన్నాడు. ఆమె తన అలవాటు చొప్పున చెయ్యి పట్టుకుంది. కాసేపు పట్టుకునే కూర్చుంది. చెయ్యికి ఏం తెలిసిందో మరి. "వస్త గని, నా చెవులు నేను మూసుకుంట" అంది.

ఇంటికి దగ్గరి హాల్లోనే, మధ్యాహ్నం ఆట. ఎప్పటిలాగే ఆమె మధ్యలో. నేను కామెంట్రీ మొదలుపెట్టాను. వ్యాన్ పల్టీ కొట్టింది, తలుపు ఊడింది, సంకెళ్ళతోనే దూకాడు. "దెబ్బ తాకిందా?" "మోచేతికి." "అయ్యో." ఆఫీసర్లు బయల్దేరారు, ఇద్దరు. "గీళ్ళకు ఇండ్లు లేవా?" అంది. ఎప్పటిలాగే పక్షం తీసుకుంది కాబట్టి కొంత ధైర్యం వచ్చింది.

రాతి కాలేజీ స్తంభాలు కనపడ్డాయి. ఉంచారో, తీసేశారో. వేరేవాడి గొంతు పెట్టారో. లేక ఏ యంత్రంతోనో పాత మాటే తిరిగి తెచ్చారో.

"ఇప్పుడేమైతున్నది?"

"క్యాంపస్‌ల ఉరుకుతున్నడు. చెట్ల నడుమ."

"వెనక ఎవలు?"

"ఇద్దరూ వస్తున్నరు."

ఆమె రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకెళ్ళింది. నేను ఆపలేదు. కానీ మూసుకోలేదు, అక్కడే ఆపింది. తెర మీద హీరో గొంతు రొప్పుతూ అడిగింది, "ఎటు పోయాడు?"

"ఎటు పోయిండో సార్."

అతని గొంతే. ఇల్లంతా ఎరిగిన గొంతు హాలు నిండా పలికింది. హాలు ఒక్కసారిగా గొల్లున నవ్వింది. నోరు తెలియదంటుంటే తార్నాక వైపు చాచిన ఆ చెయ్యి తెర మీద ఇంత పెద్దగా కనపడుతోంది మరి. ఎవరో ఈల వేశారు.

"మనోడే!" అని అరిచింది అత్తమ్మ. చేతులు చెవుల మీంచి ఎప్పుడో దిగిపోయాయి. "నా కొడుకు గొంతే! ఇన్నవా? చెప్పలే! వాడు చెప్పలే!" నా మణికట్టు పట్టుకుని ఊపేసింది. వెనక సీట్లోంచి ఎవరో ష్ అన్నారు. నేను వినిపించుకోలేదు.

నవ్వు ఇంకా ఆగలేదు. ఆమె తల తిప్పి ఆ నవ్వును విన్నది.

"ఎందుకు నవ్వుతున్నరు?"

తెర మీద కనపడే ప్రతిదీ ఆమెకు చెప్పడం నా పని. ముద్దులు చెప్పాను, హత్యలు చెప్పాను, ఒక సినిమాలో హీరో చొక్కా రంగు తప్పు చెప్పానని ఇంటికొచ్చాక దిద్దుకున్నాను కూడా. ఈసారి నా నోరు తెరుచుకోలేదు. నాకు మాట రాకపోవడం ఆమెకు కొత్త. నన్ను వదిలేసి రెండో పక్కకు తిరిగి, చీకట్లో తడిమి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"చెయ్యి చూపెట్టినవారా?"

తెర మీద టైర్లు అరిచాయి. తుపాకీ పేలింది. ఆమె అది వినడం లేదు.

"ఊఁ" అన్నాడు అతను.

"ఎటు?"

"తార్నాక... చౌరస్తా దిక్కు."

ఆమె ఆలోచించింది. ఒళ్ళు కొంచెం పక్కకు ఒరిగింది, ఆటోలో ఒరిగినట్టే. తర్వాత నా వైపు తిరిగింది.

"గాడ బందున్నది గదనే?"

"ఉన్నది అత్తమ్మా. దిమ్మెలున్నయి."

"జీపు పోదు?"

"పోదు. యూటర్న్‌కు పోవాలె."

"ఆఁ, గంతే మరి." ఆమె సీట్లో వెనక్కి వాలింది. "గీళ్ళు తిరిగొచ్చేసరికి వాడు లాలాపేట దాటుతడు తియ్."

కొడుకు చెయ్యి మాత్రం వదల్లేదు. అతను తెర వైపు చూస్తూ కూర్చున్నాడు, చెవులు ఎర్రగా అయ్యుంటాయి, చీకట్లో నాకు కనపడలేదు. కాసేపటికి ఆమె మోచెయ్యి మళ్ళీ నా పక్కలో గుచ్చుకుంది.

"చెప్పవేందే? ఏమైతున్నది?"

"ఉరుకుతున్నడు అత్తమ్మా."

"ఉరకనియ్."